తెలుగుకు తల్లి తమిళమా? మనిషికి తాత కోతా?

రాష్ట్రం బయట ఉన్న మన తెలుగు సంఘాల ఉగాది సంచికల్లో కొన్నేళ్ళుగా ఒక వ్యాసం తప్పకుండా కనిపిస్తోంది. రాసేవారు మారతారు, అచ్చయ్యే ఊరు మారుతుంది, సరుకు మాత్రం మారదు. డార్విన్ చెప్పింది శుద్ధ తప్పు అన్నది అందులో మొదటి సగం. ఆ డార్విన్ దాన్ని మన దశావతారాల్లోంచి ఎత్తుకుపోయాడన్నది రెండో సగం. తప్పుడు సరుకు మా ఇంట్లోంచే పోయిందని ఫిర్యాదు చేసేవాణ్ణి ఏ పోలీసు స్టేషన్లోనైనా ఎగాదిగా చూస్తారు. మన సంచికల్లో మాత్రం శాలువా కప్పుతున్నారు.

నేను తమిళనాడు సరిహద్దు తాలూకాలో ముప్ఫయ్యేళ్ళు బడిలో సైన్సు చెప్పి రిటైరైన తెలుగువాణ్ణి. దేవుడున్నాడా లేడా అన్న చర్చ నాకిక్కడ అక్కర్లేదు. నా తగాదా ఒక్కటే: పిల్లల చేతికి అబద్ధం ఇవ్వకండి, అందులోనూ తెలుగులో ఇవ్వకండి. పరాయి రాష్ట్రంలో మన పిల్లలకు తెలుగు దొరకడమే కరువు. దొరికిన ఆ కాస్త తెలుగూ అజ్ఞానానికి మాత్రమే పనికొస్తుందని వాళ్ళకు తోస్తే, రేపు దాన్ని వదిలేసినప్పుడు తప్పు వాళ్ళది కాదు.

ఈ ధోరణి మన సంఘాలతో మొదలు కాలేదు. 2018 జనవరిలో కేంద్ర మానవ వనరుల శాఖ సహాయ మంత్రి ఔరంగాబాదులో మాట్లాడుతూ డార్విన్ సిద్ధాంతం తప్పు, బడుల్లో కాలేజీల్లో దాన్ని మార్చాలి అన్నారు. కోతి మనిషిగా మారడం చూశామని మన పూర్వులెవరూ చెప్పలేదు, రాయలేదు అన్నది ఆయన వాదన. దేశంలోని మూడు సైన్సు అకాడమీలూ ఆ మాటను ఖండిస్తూ ప్రకటన ఇచ్చాయి. ఏడాది తిరిగేసరికి, 2019 జనవరిలో, జలంధర్‌లో 106వ భారత సైన్సు కాంగ్రెసులో సాక్షాత్తూ ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి లేచి, డార్విన్ సిద్ధాంతం కంటే దశావతారాలే మెరుగన్నారు, కౌరవులు టెస్ట్‌ట్యూబు శిశువులన్నారు. మనం బయట ఉండి గొప్పగా చెప్పుకునే విశ్వవిద్యాలయం అది! ఇక 2022లో కోవిడ్ పేరు చెప్పి భారం తగ్గిస్తున్నామంటూ ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి జీవ పరిణామం భాగాన్ని తీసేసింది. 'వంశపారంపర్యత - పరిణామం' అన్న పాఠం 2023లో అచ్చయిన పుస్తకంలో ఉత్త 'వంశపారంపర్యత'గా మిగిలింది. పద్ధెనిమిది వందల మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, సైన్సు అభిమానులు 2023 ఏప్రిల్‌లో బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతిలో ఉంది కదా అన్నారు పెద్దలు. ఉంది, జీవశాస్త్రం తీసుకున్నవాళ్ళకు. పదోక్లాసుతో చదువు ఆపేసే పిల్లకూ, లెక్కలో వాణిజ్యమో తీసుకునే పిల్లాడికీ ఇక డార్విన్ పేరు చెప్పేవారెవరు?

సరే, వాదనకు వద్దాం. 'ఎవరు చూశారు?' అన్నదే కదా వాళ్ళ బ్రహ్మాస్త్రం.

పాఠక మిత్రులారా, మీలో తమిళనాట పుట్టి పెరిగిన ప్రతివారికీ ఒక అనుభవం ఉండి తీరుతుంది. టీకొట్టు దగ్గరో ఆఫీసులోనో ఒక తమిళ మిత్రుడు చనువుగా అంటాడు: "మీ తెలుగు మా తమిళంలోంచి పుట్టిందే కదా!" మనకు ఒళ్ళు మండుతుంది. మండి ఏం జవాబు చెబుతాం? అచ్చం భాషాశాస్త్రజ్ఞుడు చెప్పే జవాబే చెబుతాం. "లేదు నాయనా, తెలుగు తమిళంలోంచి పుట్టలేదు. తమిళం తెలుగులోంచీ పుట్టలేదు. రెండూ ఇప్పుడు ఎవరూ మాట్లాడని ఒక పాత మూలభాషలోంచి చీలి వచ్చాయి. మనం తల్లీబిడ్డలం కాదు, దాయాదులం."

సరిగ్గా చెప్పారు. జీవశాస్త్రం మనిషి గురించీ కోతి గురించీ చెప్పేది కూడా అంతే. ఇవాళ చెట్టు మీద కూర్చున్న కోతి మన తాత కాదు. అది మనకు దాయాది. చింపాంజీకీ మనకూ ఉమ్మడి పూర్వీకులు సుమారు అరవై డెబ్భై లక్షల ఏళ్ళ కిందట ఉండేవారు. కోతికీ మనకూ ఉమ్మడి పూర్వీకులు ఇంకా వెనక, రెండు మూడు కోట్ల ఏళ్ళ కిందట. 'మనిషి కోతిలోంచి పుడితే ఇంకా కోతులు ఎందుకున్నాయి?' అని అడిగేవాడూ, 'తెలుగు పుట్టాక తమిళం ఎందుకుంది?' అని అడిగేవాడూ ఒకే బెంచీ మీద కూర్చోదగ్గవాళ్ళు. ఈ పోలిక నా సొంతమేమీ కాదు. భాషలు చీలే తీరూ, జాతులు చీలే తీరూ ఒకలాగే ఉంటాయని డార్విన్ తన 1871 నాటి పుస్తకంలోనే రాశాడు.

మూలద్రావిడం తెలుగుగా మారడం ఎవరు చూశారు? ఫలానా శుక్రవారం రాత్రి ద్రావిడంలో కల కని, శనివారం తెలుగులో నిద్ర లేచిన తల్లి ఎవరైనా ఉందా? లేదు. ప్రతి తల్లీ తన బిడ్డతో తన భాషలోనే మాట్లాడింది, ప్రతి బిడ్డకూ తల్లి మాట అర్థమైంది. అయినా కొన్ని వందల తరాలు గడిచేసరికి 'ఇరండు' అనేవాడికీ 'రెండు' అనేవాడికీ మధ్య దుబాసీ కావలసి వచ్చింది. జీవుల్లోనూ అంతే. ఏ తల్లీ తన జాతి కాని బిడ్డను కనలేదు. మార్పు తల్లికీ బిడ్డకీ మధ్య కనపడదు. మొదటి తల్లికీ లక్షో తరం బిడ్డకీ మధ్య కనపడుతుంది.

చూడకుండానే మనకెలా తెలిసింది? ఆనవాళ్ళను బట్టి. తమిళం 'ఇరండు', కన్నడం 'ఎరడు', తెలుగు 'రెండు'. తమిళం 'ఉరల్', తెలుగు 'రోలు'. తమిళం 'ఉళ్', తెలుగు 'లో'. తమిళం 'అవన్', తెలుగు 'వాడు'. తమిళంలో మొదట ఉన్న అచ్చు తెలుగులో హల్లు వెనక్కి జరిగింది. ఒక మాటలో జరిగితే కాకతాళీయం అనొచ్చు, ఇన్ని మాటల్లో ఒకే పద్ధతిలో జరిగితే అది చరిత్ర. భద్రిరాజు కృష్ణమూర్తి గారు జీవితమంతా చేసింది ఈ పనే. జీవశాస్త్రజ్ఞుడు గబ్బిలం రెక్కలో, తిమింగిలం తెడ్డులో, మన చేతిలో అవే ఎముకలు అదే వరసలో చూపించినప్పుడు చేస్తున్నదీ ఈ పనే. మన వర్ణమాలలో బండి 'ఱ' ఉంది. ఒకప్పుడు దానికి వేరే ఉచ్చారణ ఉండేది. ఉచ్చారణ పోయింది, అక్షరం మిగిలింది. మన వెన్ను చివర తోక ఎముక కూడా ఒక బండి 'ఱ'యే.

'పోలికలు ఉంటే ఏం, దేవుడు ఒకే అచ్చుతో పోశాడు' అంటారు. మంచి ప్రశ్న. ఒకే కర్త పని అనుకుంటే ఒప్పులు కలవొచ్చు. మరి తప్పులు కూడా కలిస్తే? తంజావూరు సరస్వతీ మహల్‌లో తెలుగు తాళపత్రాలను పరిష్కరించేవారిని అడగండి. రెండు ప్రతుల్లో ఒకే చోట ఒకే పాదం జారిపోయి, ఒకే చోట ఒకే అక్షరం తప్పు పడితే, ఆ రెండూ ఒకే తప్పుడు తల్లి ప్రతికి నకళ్ళని వాళ్ళు క్షణంలో తేలుస్తారు. ఇద్దరు లేఖకులు విడివిడిగా సరిగ్గా ఒకే పొరపాటు చేశారంటే ఎవరూ నమ్మరు.

ఇప్పుడు ఉసిరికాయ సంగతి వినండి. మనకు విటమిన్ సి తిండిలోంచి రావాలి, లేకపోతే చిగుళ్ళు కారి చస్తాం. కుక్కకూ ఆవుకూ మేకకూ ఉసిరికాయతో పని లేదు. అవి ఆ విటమిన్‌ను ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. తయారీకి కావలసిన జన్యువు మనలోనూ ఉంది, కానీ చెడిపోయి ఉంది. చింపాంజీలో, కోతిలో కూడా అదే జన్యువు చెడిపోయి ఉంది, చెడిన తీరూ కలుస్తుంది. గినీ పందిలోనూ చెడింది, కానీ అది వేరే విధంగా చెడింది, ఎందుకంటే అది వేరే తల్లి ప్రతి. ఇంకోటి. చింపాంజీకి 48 క్రోమోజోములు, మనకు 46. ఆ రెండూ ఎటు పోయాయి? మన రెండో క్రోమోజోము మధ్యలో, మామూలుగా చివర్లలో మాత్రమే ఉండాల్సిన అక్షరక్రమం తలకు తల ఆనించి అతికించినట్టు కనిపిస్తుంది. రెండు జతల క్రోమోజోములు కలిసి ఒక జతయ్యాయి. కుట్టు గుర్తు ఇంకా అక్కడే ఉంది. పత్ర సంపాదకులుగా మీరే తీర్పు చెప్పండి.

రాళ్ళ సాక్ష్యం సంగతి చూద్దాం. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, శిలాజాలంటే మనకు ఆఫ్రికా, అమెరికానే గుర్తొస్తాయి. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా తెలుగు మాట్లాడే నేల. అక్కడ పోచంపల్లి అనే ఊరి దగ్గర కలకత్తాలోని భారత గణాంక సంస్థ వాళ్ళు 1960 ప్రాంతంలో ఆరు జంతువులకు తక్కువ కాకుండా వందల ఎముకలు తవ్వి తీశారు. సుమారు 14 మీటర్ల పొడవున్న శాకాహారి రాక్షసబల్లి అది. రవీంద్రుని శతజయంతి సంవత్సరం గుర్తుగా దానికి 'బరపాసారస్ టాగోరై' అని పేరు పెట్టారు. అదే ప్రాణహిత-గోదావరి లోయలో ఇవతల యామనపల్లి దగ్గర దొరికినది 'కోటాసారస్ యామనపల్లియెన్సిస్'. దానికి 1988లో పేరు పెట్టినవాడు యాదగిరి. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్సు కేంద్రంలో నిలబడి ఉంది. తమిళనాడులో అరియలూరు చుట్టుపక్కల పొలాల్లో సముద్రపు గవ్వలు రాళ్ళయి దొరుకుతాయి. విల్లుపురం దగ్గర తిరువక్కరైలో చెట్ల మానులు రాళ్ళయి పడి ఉన్నాయి. ఎన్ని కల్యాణ మండపాలు చూపించాం మన పిల్లలకు! ఇవి చూపించామా?

ఏది ఎక్కడ దొరికింది అన్నదానికంటే ఏది ఎక్కడ దొరకలేదు అన్నది పెద్ద సాక్ష్యం. మన వంటింటి గట్లకూ అరలకూ వేసే కడప రాయి, వసారాలో పరిచే షాబాదు రాయి, రెండూ కేంబ్రియన్ యుగానికి ముందువి. వేంపల్లి సున్నపురాయి లాంటివైతే వంద కోట్ల సంవత్సరాలకు ఎంతో పైబడినవి. వాటిలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన గుట్టల ముద్రలు ఉన్నాయి. ఎముక మాత్రం ఒక్కటి లేదు. ఎన్ని లక్షల బండలు కోసి పాలిష్ పట్టి లోకమంతా పరిచారో లెక్క లేదు. ఒక్క బండలో ఒక్క చేప ముల్లు, ఒక్క కోడి ఎముక కనిపిస్తే చాలు, డార్విన్ పని అయిపోయినట్టే. 'ఏం చూపిస్తే నీ సిద్ధాంతం తప్పంటావు?' అని అడిగితే జె.బి.ఎస్. హాల్డేన్ 'కేంబ్రియన్ పూర్వపు రాతిలో ఒక కుందేలును చూపించు' అన్నాడని ప్రచారంలో ఉంది. ఏం చూపిస్తే తాను ఓడిపోతుందో ముందే చెప్పి బరిలో దిగేది సైన్సు. 'సిద్ధాంతమే కదా, ఊహే కదా' అని చప్పరించేవారు ఈ తేడా గమనించాలి.

దశావతార వాదాన్ని ఇదే గీటురాయి మీద పెట్టండి. ఏం దొరికితే అది తప్పని ఒప్పుకుంటారు? ఏమీ లేదు. పైగా వరస చూడండి: చేప, తాబేలు, వరాహం, నరసింహం, వామనుడు. తాబేలు పందికి పూర్వీకుడు కాదు, పంది సింహానికి పూర్వీకుడు కాదు. పరిణామం నిచ్చెన కాదు, కొమ్మలేసిన చెట్టు. అవతారాలన్నిటిలో ఉన్నది ఒకే విష్ణువు. పరిణామంలో ఉన్నది కోటానుకోట్ల వేరువేరు ప్రాణులు, వాటిలో కొన్ని బిడ్డల్ని కనగలగడం, ఎన్నో కనలేకపోవడం. గజేంద్రుడి మొర వినే దేవుడి కథను తీసుకెళ్ళి ఎముకల పట్టికగా మార్చడం వల్ల జీవశాస్త్రానికి లాభం లేదు, పురాణానికి మర్యాద అంతకన్నా లేదు. భక్తి ఉన్నవారే ఈ పనికి ముందు అభ్యంతరం చెప్పాలి.

'మధ్య రూపాలు ఏవీ?' అన్నది మరో ప్రశ్న. కాశ్మీరంలో కాలాకోట్ దగ్గర రాళ్ళలో ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఒక చిన్న గిట్టల జంతువు దంతాలు కనుక్కొని 1971లో 'ఇండోహయస్' అని పేరు పెట్టాడు. ఆయన పోగుచేసిన రాళ్ళు ఎన్నో పగలగొట్టకుండానే ఉండిపోయాయి. ఆయన పోయాక ఆయన భార్య వాటిని ఒక పరిశోధకుడికి అప్పగించింది. అందులోని ఒక పుర్రె చెవి దగ్గర పగిలితే, లోపలి ఎముక తిమింగిలాల్లో మాత్రమే కనిపించే రీతిలో ఉంది. 2007లో లోకానికి తెలిసిన సంగతి ఇది: నడిచే, నీటిలో దాక్కునే ఆ చిన్న జంతువు వంశం తిమింగిలాల వంశానికి అతి దగ్గరి చుట్టం.

చివరగా, ఇది పాత రాళ్ళ గొడవ మాత్రమే కాదు, ప్రాణాల గొడవ. నీలగిరి గిరిజనుల్లో కొడవలి కణాల రక్తం ఉన్నట్టు 1952లో బయటపడింది. కోరాపుట్‌లో, గడ్చిరోలిలో కూడా అది ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులు వస్తే జబ్బు. ఒక్క ప్రతి వస్తే మలేరియా నుంచి రక్ష. మలేరియా ఉన్న అడవుల్లో ఆ జన్యువు ఎందుకు నిలిచిందో ప్రకృతి వరణం తప్ప ఇంకేది చెబుతుంది? క్షయ మందు సగంలో ఆపితే మొండి క్రిములే మిగిలి పెరుగుతాయని డాక్టరు చెప్పేది డార్విన్ పాఠమే. 2021లో డెల్టా రకం మన ఇళ్ళు ఖాళీ చేసినప్పుడు మనం చూసింది పరిణామాన్నే. 'ఎవరు చూశారు?' అనేవారికి ఇంతకంటే దగ్గరగా ఏం చూపించాలి?

మరి ఇంత సాక్ష్యం ఉండీ ఎందుకీ నిరాకరణ? నా అనుమానం చెబుతాను, కోపం తెచ్చుకోకండి. తెలుగుకు దగ్గరి చుట్టాలు తమిళ కన్నడాలు కావు. గడ్చిరోలిలో గోండి, కంధమాల్‌లో కుయి, కోరాపుట్‌లో కువి, ఇవీ తెలుగుతో ఒకే కొమ్మ మీద ఉన్న భాషలు. ఈ మాట మన సభల్లో చెప్పి చూడండి, 'గోండు వాళ్ళు మనకు చుట్టాలా?' అని ముఖం చిట్లించేవారు కనిపిస్తారు. 'కోతి మనకు చుట్టమా?' అని ముఖం చిట్లించేదీ వాళ్ళే. చుట్టరికం ఒప్పుకుంటే మన ఎత్తు తగ్గుతుందన్న భయం అది. పుట్టుకతోనే పైవాడు, కిందివాడు అని నమ్మే మనసుకు, అందరం ఒకే వేరు నుంచి వచ్చామన్న మాట మింగుడుపడదు. అదీ అసలు తగాదా.

ఒక మనిషి కథ చెప్పి ముగిస్తాను. జన్యుశాస్త్రాన్నీ డార్విన్నూ లెక్కలతో కలిపిన ముగ్గురు నలుగురు మహానుభావుల్లో హాల్డేన్ ఒకడు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చాడు, భారత పౌరుడయ్యాడు, 1962లో భువనేశ్వర్ చేరాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు. గోదావరి లోయలో దొరికిన ఒక ఆదిమ స్తన్యజీవి పంటికి 'కోటాథీరియం హాల్డేనై' అని ఆయన పేరే పెట్టారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూసినప్పుడు, ఆయన వీలునామా ప్రకారం దేహం విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు వెళ్ళింది. యానాం నుంచి సుమారు 30 కిలోమీటర్లు. ఒరిస్సా తెలుగువాళ్ళ పక్కన బతికి, తెలుగునేల మీద పాఠ్యపుస్తకమైన మనిషి ఆయన. ఏ ఉగాది సంచికలోనైనా ఆయన బొమ్మ చూశారా?

కాబట్టి నా ప్రతిపాదన ఇది. వచ్చే ఉగాదికి ప్రతి సంఘమూ ఒక్క గంట, కవి సమ్మేళనంలోంచి కోసైనా సరే, జీవ పరిణామం మీద తెలుగులో ఉపన్యాసం పెట్టించాలి. అరియలూరుకు దగ్గరున్నవారు పిల్లల్ని అరియలూరు తీసుకెళ్ళాలి, సిరొంచకు దగ్గరున్నవారు సిరొంచ తీసుకెళ్ళాలి. శిలాజం, ప్రకృతి వరణం, జన్యువు అన్న మాటలు వాళ్ళ నోట తెలుగులో పలికించాలి. పుస్తకంలోంచి పాఠాన్ని తీసేయగలరు, మన వసారాలోని షాబాదు రాతిని ఎవరూ తీసేయలేరు. పిల్లల్ని దాని మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టండి. కాదనేవారు ఉంటే ఈ పత్రికకే రాయండి. ఒక్క షరతు: మీరు చెప్పేది తప్పని తేలాలంటే ఏం చూపించాలో మొదటి వాక్యంలోనే రాయండి.